భోజనం తర్వాత చూస్తానన్న హార్డ్ డిస్కు

లేడీ బారన్,
ఫ్లిండర్స్ దీవి.
మే 2, 2011

మ్యూరియల్ గారికి,

మీ చెల్లెలి చివరి రోజు గురించి రాయమని కార్డులో అడిగారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏప్రిల్ పద్నాలుగు, గురువారం. ఈనిడ్ ఆరున్నరకు లేచింది. రెండు టోస్టు ముక్కల్లో ఒకటే తిన్నది. కోళ్లకు మేత వేసింది. పడమటి గాలి గట్టిగా ఉంది. పది గంటలకు, రోజూలాగే, వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. పదకొండుంబావుకు గాలికి కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆమె తలుపు తీసి, "లయొనెల్, నా పెట్టె టిక్కు టిక్కుమంటోంది. తెర మీద ఏమీ రావడం లేదు. కాస్త చూడవూ," అంది. భోజనం తర్వాత చూస్తానన్నాను. గుమ్మడికాయ సూపు తాగాం. కాసేపు పడుకుంటానంది. రెండింటికి టీ తీసుకెళ్లాను. లేవలేదు.

గుండె బాగాలేదని మూడేళ్లుగా మాత్రలు వాడుతోందట. డాక్టరు చెబితే తెలిసింది. మీకు ముందే తెలుసా?

అంత్యక్రియలు ఇరవయ్యో తేదీన జరిగాయి. తుంటి ఆపరేషను వల్ల మీరు రాలేకపోయారని అందరికీ చెప్పాను. ఊరివాళ్లు వండి తెచ్చిన గిన్నెలు పద్నాలుగు. అన్నిటి అడుగునా పేర్లు అంటించి ఉన్నాయి. తిరిగి ఇవ్వాలి.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్లుగా ఆమె పది నుంచి పన్నెండు దాకా తలుపు మూసుకుని ఏదో టైపు చేసేది. ఏమిటంటే "ఏవో ఉత్తరాలు" అనేది. ఎవరికి అని నేను అడగలేదు. మీకు చేత్తోనే రాసేది. వంటగది బల్ల మీద రాస్తుంటే చూశాను. మరి టైపు చేసినవి ఎవరికి? మీకు తెలిస్తే దాచకండి.

పాడైంది హార్డ్ డిస్కు. అందులో ఉన్నది మరెక్కడా లేదు. మెల్‌బోర్న్‌లో బాగుచేసేవాళ్లున్నారని స్కూల్లో చెప్పారు. ఆమె రాసుకున్నది ముందు అపరిచితులు చదవడం నాకిష్టం లేదు. పైగా భోజనం తర్వాత చూస్తానన్నది నేను. నేనే చూస్తాను.

ఇట్లు,
లయొనెల్ బార్విక్

తా.క. పెట్టె మూత విప్పాను. మరలు ఎనిమిది తీశాను. తిరిగి బిగించబోతే తొమ్మిది ఉన్నాయి. నలభై ఏళ్లు సర్వేయరుగా పనిచేశాను. లెక్క తప్పే అలవాటు లేదు.


ట్రెవల్లిన్,
లాన్సెస్టన్.
మే 9

లయొనెల్ పేరుతో రాస్తున్నవారికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారీ ఏడ్చాను. మూడోసారి కళ్లు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకుంటే అనుమానం వచ్చింది. ఇది మా ఈనిడ్ మొగుడు రాసినది కాదు.

ఎందుకంటే మూడేళ్లుగా లయొనెల్ నాకు ఇంచుమించు నెలనెలా రాస్తున్నాడు. ఈనిడ్ ఉత్తరంతో పాటు అదే కవరులో ఇంకో కాగితం, కంప్యూటరు మీద కొట్టినది, కింద అతని పేరు. మొదట నేనూ నమ్మలేదు. ఎనభై ఎనిమిదో సంవత్సరం క్రిస్మస్ నాడు ఆ మనిషి ఏం చేశాడో నీకు తెలిసి ఉండదు గనక చెబుతాను. మా బర్ట్, పోయినవాడు, తన చేతులతో కట్టిన వరండాలో అందరం కూర్చున్నాం. పుడ్డింగు ఇంకా రాలేదు. లయొనెల్ జేబులోంచి రసమట్టం తీసి కటకటాల మీద పెట్టి, బుడగ చూసి, "రెండు డిగ్రీలు నది వైపు వాలింది," అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అతన్ని నా గేటు దాటనివ్వలేదు.

అలాంటి మనిషి క్షమాపణ అడిగాడు. "ఆ వరండాలో కూర్చుంటే నది అంత బాగా కనిపిస్తుంది. నేను నదిని వదిలి బుడగను చూశాను," అని రాశాడు. ఇంకోసారి, "ఈనిడ్ నీలం స్కార్ఫు కట్టుకుంటే ఆ రోజు వాన పడినా నాకు తెలియదు," అని రాశాడు. అంత రాసిన మనిషి పెళ్లాం పోయిన రోజు గురించి వాతావరణం కబురులా రాస్తాడా? ఎన్నింటికి లేచింది, ఎన్ని టోస్టు ముక్కలు, గాలి ఎటునుంచి?

ముసలివాళ్ల ఇళ్లలో దూరి వాళ్ల పేరుతో ఉత్తరాలు రాసేవాళ్లుంటారని నాకు తెలుసు. లయొనెల్‌ను ఏం చేశావు? అతనే అయితే బర్ట్ కుక్క పేరేమిటో, అది నిన్నేం చేసిందో రాయి. ఫోను చేసి లాభం లేదు. చెవి యంత్రం ఈల వేస్తుంది తప్ప ఏమీ వినిపించదు.

ఈలోగా ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు. ఆ పెట్టె ఈనిడ్‌ది.

మ్యూరియల్ ట్రాస్క్

తా.క. ఒకవేళ నువ్వు నిజంగా లయొనెల్‌వే అయితే, తొమ్మిదో మర నీ తలలోంచి రాలి ఉంటుంది. వెతకకు, పెద్ద తేడా ఏమీ ఉండదు.


లేడీ బారన్,
మే 14

మ్యూరియల్ గారికి,

నేను లయొనెల్‌నే. కుక్క పేరు మేజర్. నా ఎడమ మడమ పైన కరిచింది. తర్వాత మీరు దానికి బిస్కెట్టు పెట్టారు.

నేను మీకు ఎన్నడూ ఉత్తరం రాయలేదు. ఇది రెండోది. వరండాకు క్షమాపణ అడగలేదు. వాలింది రెండు కాదు, రెండున్నర డిగ్రీలు. పండగ కదా అని తగ్గించి చెప్పాను. వాన గురించిన ఆ వాక్యం నాది కాదు. స్కార్ఫు నీలం అన్నది మాత్రం నిజం.

ఆపరేషనుకు ఇచ్చే మత్తుమందు ప్రభావం పెద్దవయసులో నెలల తరబడి ఉంటుందని విన్నాను. మీ డాక్టరును అడగండి. ఎందుకంటే మారింది నేను కాదు, మీరు. మూడేళ్లుగా మీరు ఈనిడ్‌కు రాసే ఉత్తరంతో పాటు నాకూ ఒక కాగితం వచ్చేది. టైపు చేసినది. ఈనిడ్ కవరు విప్పి, "ఇది నీకట," అని ఇచ్చేది. వాటిలో నన్ను "తమ్ముడూ" అని పిలిచారు. వరండా వాలిందని ఒప్పుకున్నారు. బర్ట్ కలప కొన్న రోజే తాగి ఉన్నాడని మీరే రాశారు. నేను జవాబు రాయలేదు; ఏం రాయాలో తెలియలేదు. కానీ ముప్పై ఒక్క కాగితాలూ పటాల సొరుగులో దాచాను. ఇప్పుడు చేత్తో రాసిన ఈ ఉత్తరంలో మళ్లీ పాత మ్యూరియల్ గారు కనిపిస్తున్నారు. మీ పేరుతో ఇన్నాళ్లూ రాసింది ఎవరు? మీ ఇంటికి సాయానికి వచ్చే చర్చి మనిషి ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈనిడ్ టైపు చేస్తుంటే నేను తలుపు బయట నిలబడి వినేవాణ్ణి. నిమిషానికి నలభై అక్షరాలు కొట్టేది. మధ్యమధ్య ఆగేది. కొన్నిసార్లు నవ్వేది, చిన్నగా, తనలో తాను. గదిలో ఒక్కతే కూర్చుని, తలుపు వేసుకుని, ఉత్తరం రాస్తూ నవ్వే మనిషి ఎవరికి రాస్తోందనుకోవాలి? మాత్రల సంగతి దాచింది. ఇంకేం దాచిందో ఆ డిస్కులో ఉంది.

పని జరుగుతోంది. స్కూల్లో మూలపడేసిన కంప్యూటర్లో అదే కంపెనీ, అదే రకం డిస్కు దొరికింది. అడుగున ఉండే పచ్చటి సర్క్యూటు పలక విప్పి ఈనిడ్ డిస్కుకు బిగించాను. లాభం లేదు. టిక్కు టిక్కుమని మూడుసార్లు కొట్టుకుని ఆగిపోతుంది. లోపల పళ్లెం మీద తిరిగే ముల్లు ఎక్కడో ఇరుక్కుంది. ఇంకో పద్ధతి ఉందట. ప్రయత్నిస్తాను.

ఇట్లు,
లయొనెల్ బార్విక్

తా.క. మరల లెక్క తేలింది. తొమ్మిదోది నా కళ్లజోడుది. కాడ ఊడి సూపులో పడినప్పుడు తెలిసింది.


ట్రెవల్లిన్,
మే 19

లయొనెల్‌కు (కుక్క సంగతి సరిగ్గా చెప్పావు గనక),

సరే, నువ్వు నువ్వే. అది మంచి వార్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

నేను నీకు ఒక్క కాగితం కూడా రాయలేదు. నాకు టైపు రాదు. యంత్రం లేదు. ఉన్నా "తమ్ముడూ" అని రాయను. దేవుడు నాకొక తమ్ముణ్ణి ఇచ్చాడు, వాడొక్కడే చాలని అప్పుడే చెప్పాను. ఇక బర్ట్ తాగి ఉన్నాడని నేను రాశానా? ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి గురించి, అదీ నీకు? ఇరవై మూడేళ్ల తర్వాత కూడా ఆ బుడగే గెలవాలని నువ్వే ఇదంతా అల్లుతున్నావు. నిజంగా అలాంటి కాగితాలుంటే ఒకటి పంపు. చూస్తాను.

ఇక్కడికి వచ్చిన నీ ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. అవీ ముప్పై ఒకటే. బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. నాకు మత్తు అంటావా? మత్తులో ఉన్నది నేనైతే డబ్బాలో ఉన్నవి ఏమిటి?

తలుపు బయట నిలబడ్డానని రాశావు. అది చదివి నాకు నీ మీద కోపం రాలేదు, భయం వేసింది. ఈనిడ్ అలా తనలో తాను నవ్వడం నాకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ జామ్ సీసా ఖాళీ చేసి అందులో బీట్‌రూట్ ముక్కలు నింపి పెట్టిన రోజున అలాగే నవ్వింది. ఎవరినో మోసం చేసినప్పుడు తప్ప అలా నవ్వేది కాదు. అందుకే చెబుతున్నాను, ఆ పెట్టె జోలికి పోకు. పోయిన మనిషి సొరుగును బతికున్న మొగుడు తెరవకూడదు. తెరిచాక మళ్లీ మూసుకోదు.

నాకేదో తెలుసని, దాస్తున్నానని అనుకుంటావు. అనుకో. మాత్రల సంగతి తెలుసు. తనే చెప్పింది, నీతో అనొద్దంది. నీతో చెబితే రోజుకు ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో రాసిపెట్టే మనిషివట. అంతకు మించి నాకేమీ తెలియదు.

మీ దీవి నర్సు రోండా నా స్నేహితురాలి కూతురు. నువ్వు తింటున్నావో లేదో చూసి రమ్మని ఆమెకు రాశాను.

మ్యూరియల్

తా.క. నిన్ను గుర్తుపట్టడానికి రోండాకు ఆనవాళ్లు పంపాను. పొడుగు, సన్నం, అడక్కపోయినా దూరాలు చెబుతాడు.


లేడీ బారన్,
మే 26

శ్రీమతి ట్రాస్క్ గారికి,

మీ మనిషి తన పని తాను చేసుకుపోయింది. అభినందనలు.

డిస్కును గట్టి చలిలో ఉంచితే లోహం కుంచించుకుపోయి, ఇరుక్కున్న ముల్లు వదులవుతుందని, కొన్ని నిమిషాలైనా పనిచేస్తుందని చదివాను. అందుకని తడి తగలకుండా రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పైన వార్తాపత్రిక చుట్టి, వరండాలోని ఫ్రీజర్లో, ఏప్రిల్‌లో కూరకు పట్టిన సముద్రపు పిట్టల పక్కన పెట్టాను. సోమవారం సాయంత్రం. మంగళవారం మీ రోండా వచ్చింది. నలభై నిమిషాలు ఉంది. వంటింట్లో అరలన్నీ చూసింది. వెళ్తూ వెళ్తూ ఫ్రీజరు మీద చెయ్యి వేసి, "ఇందులో ఏమున్నాయి?" అని అడిగింది. పిట్టలన్నాను. "ఈ ఏడు బాగా దొరికాయా?" అంది. ఆ గొంతులో మామూలు ఆసక్తి కాదు ఉన్నది.

బుధవారం ఉదయం చూస్తే పొట్లం లేదు. దాని చోట ఒక క్రేఫిష్ రొయ్య ఉంది.

ఆ రొయ్య ఎందుకుందో నాకు తెలియదనుకున్నారా? ఈ దీవిలో వరండా ఫ్రీజరుకు తాళం వేయడమంటే పొరుగువాడి మొహం మీద తలుపు వేసినట్టే. ఎవరికి ఏం కావాలో తీసుకుంటారు, బదులుగా తమ దగ్గర ఉన్నది పెట్టి పోతారు. అడగడం, చెప్పడం ఉండదు. రోండా ఇక్కడ ఆరేళ్లుగా ఉంటోంది, ఆ పద్ధతి ఆమెకు తెలుసు. ఆమె భర్తకు రొయ్యల పడవ ఉంది. దొంగతనం మామూలు మార్పిడిలా కనిపించాలని వేసిన ఎత్తు ఇది. మంచి ఎత్తే.

పెట్టె జోలికి పోవద్దని మీరు రాసిన ఉత్తరం పందొమ్మిదో తేదీది. నర్సు వచ్చింది ఇరవై నాలుగున. డిస్కు పోయింది ఇరవై ఐదున. మూడు బిందువుల మీద గీత గీయడానికి సర్వేయరు అక్కర్లేదు. అందులో ఎవరి పేరుందో మీకు తెలుసు. నేను చదవకూడదని మీరనుకుంటున్నారు. నలభై నాలుగేళ్లు ఆమెతో ఉన్నాను. అది ఎంత చెడ్డదైనా చదివే హక్కు నాకుంది. తిరిగి ఇవ్వండి.

మీరు అడిగిన సాక్ష్యం దీనితో పంపుతున్నాను. మీరు నాకు రాసిన పదిహేడో కాగితం. మూడో పేరాలో కలప కొన్న రోజు ఉంది.

లయొనెల్ బార్విక్

తా.క. రొయ్యను తిన్నాను. సాక్ష్యాన్ని నాశనం చేశానని అనకండి, చిప్ప దాచాను.


ట్రెవల్లిన్,
జూన్ 2

లయొనెల్,

కూర్చుని చదువు.

రోండా నీ డిస్కు తీయలేదు. అది చూడను కూడా లేదు. ఆమె నాకు రాసింది ఇంతే: మనిషి తింటున్నాడు, చొక్కాకు బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నాడు, గేటు నుంచి పడవల రేవుకు నాలుగు వందల పన్నెండు మీటర్లని చెప్పాడు, టీ ఇస్తూ రెండు కప్పులు తీసి ఒకటి మళ్లీ అరలో పెట్టేశాడు. తనకు కాబోలని చెయ్యి చాచిందట. అప్పటికే అర మూసేశావట. ఆమెకు టీ ఇవ్వలేదు నువ్వు. అలాంటి పిల్లను దొంగ అన్నావు.

ఇప్పుడు నువ్వు పంపిన కాగితం సంగతి.

నా పేరుంది. నా మాటల్లాగే ఉన్నాయి. కాస్త మంచిదాన్నయితే నేను అలాగే రాస్తాను. ఒక పూటంతా దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. తర్వాత బిస్కెట్ల డబ్బా దించి, నువ్వు రాసినవని నేననుకున్న కాగితాలు తీసి దాని పక్కన పరిచాను. లయొనెల్, నీ దగ్గరికి వచ్చిన దానికి ఎడమ అంచున పైనుంచి కిందికి సన్నటి నల్లగీత ఉంది, అచ్చుయంత్రానికి మసి పట్టినట్టు. నా దగ్గరున్న వాటికీ ఉంది. అదే చోట. కింద బొటనవేలంత దూరంలో తెగి మళ్లీ మొదలవుతుంది. రెంటిలోనూ అక్కడే తెగింది.

రెండూ మీ వెనక గదిలోంచి వచ్చాయి.

నీ క్షమాపణ ఆమె రాసింది. నా ఒప్పుకోలూ ఆమే రాసింది. నీకు నేను, నాకు నువ్వు ముందు తలవంచామని ఇద్దరినీ నమ్మించింది. ఇద్దరం నమ్మాం. ఆ నవ్వు అందుకే.

నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ముప్పై ఒక్క ఉత్తరాలు చదివి నిన్ను క్షమించాను. పోయిన చలికాలంలో మీ ఉత్తరం ఆలస్యమైతే నేను ఎదురుచూసింది ఈనిడ్ రాసిన దానికోసం కాదు, నీ కాగితం కోసం. ఇప్పుడు తెలిసిందేమిటంటే నీలో నాకు నచ్చిందంతా ఆమెదే. ఆ క్షమ నీ ఖాతాలో వేసినట్టా, ఆమె ఖాతాలో వేసినట్టా? వెనక్కి తీసుకోవాలంటే ఎవరి దగ్గర తీసుకోవాలి?

ఇంత చేసిన మనిషి ఇంకేం చేసిందో? ఆ పెట్టె తెరవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెతుకు. నీ పేర, నా పేర మనం ఇంకా ఏమేం ఒప్పుకున్నామో, ఎవరికి ఏం మాటిచ్చామో తెలియాలి.

మ్యూరియల్

తా.క. బర్ట్ కలప కొన్న రోజు తాగే ఉన్నాడు. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. అంటే ఎప్పుడో నేనే ఆమెతో అన్నాను. దానితో ఏదన్నా చెప్పాలంటే వెయ్యిసార్లు ఆలోచించాల్సింది.


లేడీ బారన్,
జూన్ 9

మ్యూరియల్ గారికి,

డిస్కు దొరికింది. తీసింది మెర్విన్, మా పక్కింటివాడు. రోండా వచ్చిన ఆ మంగళవారం తెల్లవారుజామునే పడవ మీద వెళ్లాలి, తోడుగా రెండు పిట్టలు తీసుకెళ్దామని పొట్లం పట్టుకుపోయి రొయ్యను పెట్టాడు. నేను ఫ్రీజరు తెరిచి చూసింది మర్నాడు. పన్నెండు రోజులు కేప్ బారన్ దీవి అవతల వలలు వేశాడు. పొట్లం చేపల మంచులో ఉంది. ఆఖరి రోజు ఆకలేసి విప్పాడు. మొన్న ఆదివారం తెచ్చి నా చేతికిచ్చి, "నీ పిట్టకు ఎముకలే ఉన్నాయి లయొనెల్. నా రొయ్య నాకిచ్చెయ్," అన్నాడు. చిప్ప చూపించాను.

ఆమెను అనుమానించినందుకు రోండాకు క్షమాపణ రాశాను. చేత్తో రాశాను. రెండు వాక్యాలే. ఒక పూట పట్టింది. ఈసారి వస్తే టీ ఇస్తానని కూడా రాశాను.

డిస్కును మంచులోంచి తీసినదాన్ని తీసినట్టే స్కూలు కంప్యూటరుకు తగిలించాను. వరండాలోనే, ఫ్రీజరు పక్కన. రెండుసార్లు టిక్కుమంది. తర్వాత తిరగడం మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు పనిచేసింది. మళ్లీ ఇరుక్కుంది. ఈసారి గీసుకున్న చప్పుడు వచ్చింది. ఇక అది లేవదు.

పదకొండు నిమిషాల్లో చూసింది చెబుతాను. మీరు భయపడ్డట్టు ఎవరికీ ఏమీ మాటివ్వలేదు. నేను భయపడ్డ మనిషి పేరు ఎక్కడా లేదు. రెండు వరసలున్నాయి. ఒకటి "లయొనెల్ నుంచి మ్యూరియల్‌కు". రెండోది "మ్యూరియల్ నుంచి లయొనెల్‌కు". రెండోదానిలో ముప్పై ఒకటి. మొదటిదానిలో ముప్పై రెండు. మిగతావి మన ఇద్దరి దగ్గరా కాగితాల మీద ఉన్నాయి గనక ముప్పై రెండోదాన్నే బయటికి తీశాను. ఏప్రిల్ పద్నాలుగు, పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలని ఉంది. అది మీకు రావలసినది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"ప్రియమైన మ్యూరియల్, ఇవాళ పడమటి గాలి. ఈనిడ్ గదిలో టైపు చేసుకుంటోంది. నేను తలుపు బయట నిలబడి ఉన్నాను. రోజూ పదిన్నరకు వచ్చి నిలబడతాను. చప్పుడు కాకూడదని చెప్పులు విప్పి వస్తాను. నడవాలో మూడో చెక్క కిర్రుమంటుంది. దీవి అంతా కొలిచాను గాని ఆ చెక్క సంగతి నాకు తెలియదు. అది కిర్రుమనగానే ఆమె లోపల నవ్వుకుంటుంది. వచ్చాడు, అనుకుంటుంది. తలుపు తియ్యదు, తీస్తే నేను ఏదో పనిమీద అటు వచ్చినట్టు నటించాలి, నాకది చేతకాదు. ఇలా ఉంటేనే ఇద్దరికీ బాగుంటుంది. మ్యూరియల్, నిన్ను ఒక్కటి అడగాలని చాలా రోజులుగా"

అక్కడ ఆగింది. కరెంటు పోయింది అప్పుడే.

ఉత్తరం చదివాక నడవాలోకి వెళ్లి చెప్పులు విప్పి నడిచి చూశాను. మూడో చెక్క.

మూడేళ్లు ఆమె నవ్వు విని అక్కడ నిలబడి ఎవరా మనిషి అని ఆలోచించాను. చాలామందిని అనుకున్నాను. స్కూలు హెడ్మాస్టరును కూడా. ఆయనకు ఆ సంగతి తెలియదు, చెప్పనక్కర్లేదు.

ఆ క్షమ ఎవరిదని అడిగారు. ఆ ఉత్తరాలు నావి కావు. కానీ ముప్పై రెండో దానిలో నేను చేసినట్టు రాసిన ప్రతిదీ నేను చేసిందే. అంతకుముందు రాసిన స్కార్ఫు సంగతి కూడా. వాన పడినా తెలియదన్నంత దూరం నేను వెళ్లలేదు. మిగతాది నిజం. ఆమెతో అనలేదు.

వరండా వాలింది. అది ఆ రోజు చెప్పవలసిన మాట కాదు. ఇది నేనే రాస్తున్నాను.

ఇక మిగిలింది ఒకటే. నా పేరుతో మిమ్మల్ని ఏదో అడగబోయింది. చాలా రోజులుగా అడగాలనుకున్నానట. నేనేం అడగాలనుకున్నానో నాకు తెలియదు. మూడు రోజులు ఆలోచించాను, తేలలేదు. ఇంత దూరంలో కూర్చుని తేలేది కాదనిపిస్తోంది. మీకేమైనా తడుతుందేమో.

మీ
లయొనెల్

తా.క. దీన్ని టపాలో వేయడం లేదు. రేపు ఉదయం ఎనిమిదిన్నర విమానం ఎక్కి, నేనే తెచ్చి మీ చేతికిచ్చి, మీరు చదవడం అయ్యేదాకా గేటు బయట నిలబడతాను.